టైటానియం పన్నుకు టెన్షన్ తగులుతుందా?

అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో 11 మంది డెంటల్ విద్యార్థులు ఒక పరిశోధన కోసం తమ అంగిలి మీద గాటు పెట్టించుకున్నారు. గాయం పెద్దదేమీ కాదు, 3.5 మిల్లీమీటర్ల వెడల్పు. ఒకసారి వేసవి సెలవుల్లో హాయిగా ఉన్నప్పుడు పెట్టారు. రెండోసారి టర్మ్‌లో మొదటి పెద్ద పరీక్షకు మూడు రోజుల ముందు, అంగిలికి రెండోవైపు పెట్టారు. మనిషి అదే, నోరు అదే, గాటు కొలతా అదే. అయినా పరీక్షలప్పటి గాయం మానడానికి సగటున మూడు రోజులు, అంటే 40 శాతం ఎక్కువ కాలం పట్టింది. సెలవుల్లో మానినంత త్వరగా పరీక్షల్లో మానినవాళ్లు ఒక్కరంటే ఒక్కరు లేరు. ఫిలిప్ మరూచా, జానిస్ కీకోల్ట్-గ్లేసర్ బృందం 1998లో ప్రచురించిన ఈ ఫలితం పాతికేళ్లు దాటినా పాతబడలేదు. మానసిక ఒత్తిడికీ నోటి ఆరోగ్యానికీ సంబంధం గురించి ఎవరు రాసినా దీన్ని తలుచుకోకుండా ముందుకు పోరు.

ఇప్పుడు ఆ ఫలితాన్ని ఇంప్లాంట్ల దాకా లాక్కొస్తున్నారు. దిగులుతో, అప్పుల భారంతో, ఉద్యోగ భయంతో నెలల తరబడి నలిగే మనిషికి దవడలో బిగించిన టైటానియం స్క్రూ చుట్టూ వాపు వస్తుందా? ఉన్న వాపు ముదురుతుందా? అంగిలి మీద గాటు పది పన్నెండు రోజుల కథ. ఇంప్లాంట్ ఇరవై ముప్పై ఏళ్ల కాపురం. ఒకదాని లెక్క తెచ్చి రెండోదానికి అతికించే ముందు మధ్యలో ఉన్న మెట్లన్నీ గట్టివేనా అని చూసుకోవాలి. కొన్ని మెట్లు గట్టివే. కొన్ని కదులుతున్నాయి.

ఇంప్లాంట్ల చరిత్ర మొదలైందే ఒక ఆశ్చర్యంతో. 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ కుందేళ్ల ఎముకలో రక్త ప్రసరణను చూడటానికి టైటానియం గొట్టం అమర్చాడు. పని అయ్యాక తీయబోతే అది ఊడి రాలేదు, ఎముక దానికి అతుక్కుపోయింది. 1965లో గోటెన్‌బర్గ్‌లో యోస్టా లార్సన్ అనే వ్యక్తికి ఆయన మొదటిసారి ఇంప్లాంట్లు పెట్టాడు. 2006లో లార్సన్ చనిపోయేదాకా అవి పనిచేశాయి. ఇంత అందమైన కథ వల్ల ఒక అపోహ కూడా పుట్టింది. ఇంప్లాంట్ పుచ్చదు కాబట్టి దానికి జబ్బు రాదని చాలామంది అనుకుంటారు. పుచ్చదన్న మాట నిజం. దాని చుట్టూ ఉన్న చిగురు, ఎముక మాత్రం మన ఒంటివే.

అక్కడ వచ్చే జబ్బుకు రెండు దశలు. మొదట చిగురు మాత్రమే ఎర్రబడి, తాకితే రక్తం కారుతుంది. దీన్ని మ్యూకోసైటిస్ అంటారు, బాగుచేయవచ్చు. రెండో దశ పెరి-ఇంప్లాంటైటిస్. అప్పటికి కింద ఎముక కూడా కరగడం మొదలవుతుంది, వెనక్కి తేవడం కష్టం. 2015లో యాన్ డెర్క్స్, క్రిస్టియానో టొమాసీ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి, ఇంప్లాంట్లు ఉన్నవారిలో సుమారు 43 శాతానికి మొదటి దశ, 22 శాతానికి రెండో దశ ఉన్నట్టు అంచనా కట్టారు. మరుసటి ఏడాది స్వీడన్‌లో తొమ్మిదేళ్ల క్రితం ఇంప్లాంట్లు పెట్టించుకున్నవారిని పరీక్షిస్తే 45 శాతం మందిలో ఎంతో కొంత పెరి-ఇంప్లాంటైటిస్ కనిపించింది. ఎముక రెండు మిల్లీమీటర్లకు మించి కరిగిన, మధ్యస్థం నుంచి తీవ్రం దాకా ఉన్న కేసులు 14.5 శాతం. గీత ఎక్కడ గీస్తామన్నదాన్ని బట్టి అంకెలు మారిపోతాయి కాబట్టి ఇంప్లాంట్ అమ్మేవాళ్లు ఒక అంకె చెబుతారు, దాన్ని బాగుచేసేవాళ్లు మరొకటి చెబుతారు.

సహజమైన పంటి వేరుకూ ఎముకకూ నడుమ సుమారు పావు మిల్లీమీటరు మందంలో నార పొర ఒకటి ఉంటుంది. దాని పోగులు వేరులోకి అడ్డంగా దిగి పాతుకుంటాయి, అందులో రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. ఇంప్లాంట్ చుట్టూ ఆ పొర లేదు. చిగురు పోగులు లోహాన్ని ఆనుకుని నిలువుగా సాగుతాయి తప్ప అందులో పాతుకోవు. రక్త ప్రసరణా తక్కువే. అందుకే సహజ పంటి దగ్గర వాపుకూ ఎముకకూ మధ్య శరీరం కట్టుకునే కణజాల గోడ ఇంప్లాంట్ దగ్గర సరిగా నిలవదు. ఓలివియర్ కార్క్వాక్, టోర్డ్ బెర్గ్లుండ్ 2014లో మనుషుల నుంచి తీసిన కణజాలాన్ని పోల్చి చూస్తే, పెరి-ఇంప్లాంటైటిస్ పుండు చిగుళ్ల జబ్బు పుండు కన్నా రెట్టింపుకు పైగా పెద్దదిగా ఉంది. చిన్న కుదుపుకు పన్ను తట్టుకున్న చోట ఇంప్లాంట్ తట్టుకోకపోవచ్చన్న అనుమానానికి ఇదే పునాది.

ఇక ఒత్తిడి సంగతి. మనసు కలవరపడితే మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథిని, అది కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులను తట్టి లేపుతాయి. రక్తంలోకి కార్టిసోల్ వస్తుంది. మరోవైపు నరాల ద్వారా అడ్రినలిన్, నోరడ్రినలిన్ ఉరకలు వేస్తాయి. ఇక్కడే తెలివైన పాఠకుడికి ఒక సందేహం రావాలి. కార్టిసోల్ వాపును తగ్గించే హార్మోన్ కదా? దాన్నే హైడ్రోకార్టిసోన్ పేరుతో మందుగా వాడతారు కదా? మరి కార్టిసోల్ పెరిగితే వాపు ఎందుకు పెరగాలి?

దీనికి దొరికిన మంచి సమాధానం క్యాన్సర్‌తో బాధపడే పిల్లల తల్లిదండ్రుల నుంచి వచ్చింది. 2002లో గ్రెగరీ మిల్లర్, షెల్డన్ కోహెన్ బృందం వాళ్ల రక్తాన్ని, ఆరోగ్యంగా ఉన్న పిల్లల తల్లిదండ్రుల రక్తాన్ని పక్కపక్కన పరీక్షించింది. కార్టిసోల్ జాతి మందు కలిపినప్పుడు రెండో గుంపులో వాపు సంకేతాలు అణిగాయి, మొదటి గుంపులో అంతగా అణగలేదు. నెలల తరబడి కార్టిసోల్ కేకలు విన్న తెల్ల కణాలు చివరికి ఆ కేకను పట్టించుకోవడం మానేశాయన్నమాట. 2012లో కోహెన్ బృందం 276 మంది వాలంటీర్ల ముక్కులో జలుబు వైరస్ వేసి చూసింది. చాలాకాలంగా పెద్ద కష్టంలో ఉన్నవారి కణాల్లో ఈ చెవుడు ఎక్కువగా కనిపించింది, చెవుడు ఉన్నవారికి జలుబూ ఎక్కువగా వచ్చింది. అసలు లోపం హార్మోన్ మోతాదు పెరగడంలో లేదు, దాని మాట చెల్లకపోవడంలో ఉంది.

నోటి విషయానికొస్తే చిక్కుముడి ఇంకొకటుంది. ఒహాయో విద్యార్థుల్లో పరీక్షలప్పుడు ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే వాపు సంకేతం తయారీ 68 శాతం పడిపోయింది. అదే రోజుల్లో జర్మనీలో రెనాటె డైన్సర్ పరీక్షలు రాస్తున్న వైద్య విద్యార్థుల చిగుళ్ల సందుల్లో ఊరే ద్రవాన్ని కొలిస్తే అదే సంకేతం పెరిగింది. తోమడం మాన్పించిన వైపే కాదు, శుభ్రంగా తోమిన వైపు కూడా పెరిగింది. ఒకచోట తగ్గి మరోచోట పెరగడం వింతేమీ కాదని ఈ రెండింటినీ కలిపి చదివితే అర్థమవుతుంది. తాజా గాయం మానడానికి తొలి గంటల్లో ఆ సంకేతం గట్టిగా రావాలి. రోజూ పాచి పేరుకునే చిగురు సందులో అదే సంకేతం ఆగకుండా వస్తే ఎముకను కరిగించే కణాలకు పని దొరుకుతుంది. ఇంప్లాంట్‌కు రెండు దశలూ ఉన్నాయి. బిగించిన తొలి వారాల్లో అది గాయం, ఆ తర్వాత జీవితాంతం పాచి చేరే సందు. ఒత్తిడి రెండు చోట్లా నష్టమే చేయవచ్చు, కానీ పరస్పరం విరుద్ధమైన దారుల్లో. ఈ తేడా చెప్పకుండా ‘ఒత్తిడి వల్ల వాపు పెరుగుతుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేసే వ్యాసాలను నమ్మడం కష్టం.

సూక్ష్మజీవులు కూడా మన హార్మోన్లను చదువుతాయన్నది మరో ఆసక్తికరమైన పాయ. అడ్రినలిన్, నోరడ్రినలిన్ కలిపితే చిగుళ్ల కింద బతికే బాక్టీరియాల్లో కొన్ని జాతులు వేగంగా పెరిగాయని, మరికొన్ని పెరగలేదని 2002లో ప్రయోగశాలలో తేలింది. 2018లో అమెరికా పరిశోధకులు పాచి నమూనాకు కార్టిసోల్ కలిపి చూస్తే అందులోని జీవుల జన్యువుల పనితీరు జబ్బు దశలో కనిపించే తీరుకు దగ్గరగా మారింది. గాజు పాత్రలో జరిగినదంతా నోట్లో జరగాలని లేదు. అయినా శత్రువుకు మన ఇంటి గుట్టు తెలిసిపోతోందనిపించే ఫలితాలివి.

ఇంత సూక్ష్మంలోకి వెళ్లేముందు కళ్లెదుట ఉన్న దారిని చూడాలి. కష్టంలో ఉన్న మనిషి రాత్రి పళ్లు తోమకుండా పడుకుంటాడు. సిగరెట్లు పెంచుతాడు. తిండి వేళలు తప్పుతాయి, చక్కెర అదుపు తప్పుతుంది. ఆరు నెలలకోసారి క్లీనింగ్‌కు రమ్మన్న డాక్టర్ ఫోన్ ఎత్తడు. డైన్సర్ బృందమే చేసిన మరో అధ్యయనంలో పరీక్షల కాలంలో విద్యార్థుల పళ్ల మీద పాచి ఎక్కువగా చేరింది. రేపటి దంతవైద్యులో, వైద్యులో కావలసిన పిల్లలే బ్రష్ పక్కన పెడితే ఇల్లు అమ్ముకున్నవాడినో, భార్యను పోగొట్టుకున్నవాడినో ఏమనగలం?

దీని పక్కన 2012 నాటి జొవానీ సాల్వీ ప్రయోగాన్ని ఉంచి చూడాలి. స్విట్జర్లాండ్‌లో 15 మంది చేత మూడు వారాలు కొంత భాగంలో బ్రష్ చేయడం మాన్పించారు. పళ్ల చుట్టూ, ఇంప్లాంట్ల చుట్టూ వాపు వచ్చింది, ఇంప్లాంట్ల చుట్టూ ఎక్కువ వచ్చింది. మళ్లీ మూడు వారాలు శుభ్రంగా తోమినా ఇంప్లాంట్ల చుట్టూ ఉన్న చిగురు పూర్తిగా మునుపటి స్థితికి రాలేదు. మూడు వారాలంటే ఎంత? ఒక దినకర్మ, దాని తర్వాత వచ్చే బంధువులు, ఆస్తి కాగితాల గొడవ. ఒత్తిడి ఇంప్లాంట్‌ను చేరడానికి హార్మోన్ల దారే పట్టనక్కర్లేదు, బ్రష్ స్టాండు దగ్గర నుంచి కూడా రావచ్చు. బ్రెజిల్‌లో 80 మంది మ్యూకోసైటిస్ రోగులను ఐదేళ్ల తర్వాత చూస్తే, క్రమం తప్పకుండా క్లీనింగ్‌కు వచ్చినవారిలో 18 శాతానికి, రానివారిలో 43.9 శాతానికి జబ్బు ఎముకలోకి దిగింది. ఈ రంగంలో ఇంతకన్నా ఉపయోగపడే అంకెలు అరుదు.

రాత్రిపూట పళ్లు నూరడం ఒత్తిడి పట్టే మరో దారి. సహజ పన్ను కింద ఉండే నార పొర చిన్న రాయి పడినా పసిగట్టి దవడను ఆపుతుంది. ఇంప్లాంట్ మీద ఆ స్పర్శ చాలా మొద్దు. 1995 నాటి ఒక కొలత ప్రకారం ఇంప్లాంట్ మీద తాకిడిని గుర్తించాలంటే పంటికి కావలసిన దానికి ఎనిమిది రెట్లకు పైగా బలం కావాలి. అందుకే పళ్లు నూరేవారిలో క్యాప్ పింగాణీ పెచ్చులూడుతుంది, స్క్రూ వదులవుతుంది. అయితే ఆ భారం వల్ల చిగురు వాచి ఎముక కరుగుతుందా అంటే గట్టి రుజువు లేదు. క్లినిక్కుల్లో ఈ రెండింటినీ కలిపేసి చెప్పడం మామూలైపోయింది.

చిగుళ్ల జబ్బు సాహిత్యం ఇంప్లాంట్ల సాహిత్యానికి పెద్దన్న. న్యూయార్క్ రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో రాబర్ట్ జెన్కో బృందం 25 నుంచి 74 ఏళ్ల వయసున్న 1,426 మందిని పరీక్షించి 1999లో ఫలితాలు చెప్పింది. డబ్బు ఇబ్బందులతో సతమతమయ్యేవారిలో చిగుళ్ల జబ్బు, ఎముక నష్టం ఎక్కువగా ఉన్నాయి. ఆ ఇబ్బందుల్లోనే ఉండి కూడా సమస్యను విడదీసి ఒక్కో అడుగూ పరిష్కరించుకునే స్వభావం ఉన్నవారిలో మాత్రం, ఇబ్బందులు లేనివారి కన్నా జబ్బు ఎక్కువ లేదు. కష్టం ఎంతన్నదానికన్నా దాన్ని ఎలా మోస్తున్నారన్నది చిగుళ్లకు ముఖ్యమైందన్నమాట. 2007లో పెరుజ్జో బృందం 14 అధ్యయనాలను జల్లెడ పడితే 57 శాతం సంబంధం ఉందన్నాయి, 28 శాతం ఉందీ లేదూ అన్నాయి, 14 శాతం లేదన్నాయి. పెద్దన్న ఇంట్లోనే ఇంత తర్జనభర్జన ఉంటే తమ్ముడి సంగతి ఊహించుకోవచ్చు.

ఇంప్లాంట్ల మీద నేరుగా జరిగిన పని ఇంకా పల్చనే. సౌదీ అరేబియా పరిశోధకులు కొందరు ఇంప్లాంట్ సందులోని ద్రవంలో కార్టిసోల్ కొలిచి, జబ్బు ముదిరినవారిలో అది ఎక్కువగా ఉందని చెప్పారు. ఇలాంటి అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఒక్క రోజు తీసిన ఫోటోలు. ముందు దిగులు వచ్చిందా, ముందు వాపు వచ్చిందా అన్నది ఫోటోలో కనిపించదు. పన్నుకు ముప్పై నలభై వేలు పోసి పెట్టించుకున్న ఇంప్లాంట్ నుంచి చీము కారుతుంటే ఎవరికి దిగులుండదు? కార్టిసోల్ కొలతకూ సొంత తిప్పలున్నాయి. నిద్ర లేచాక అరగంట, ముప్పావుగంటకు అది పైకి ఎగసి, సాయంత్రానికి పడిపోతుంది. క్లినిక్‌లో డ్రిల్లు చప్పుడు విన్నా పెరుగుతుంది. వెంట్రుకల్లోని కార్టిసోల్ కొంత నయం. సెంటీమీటరు వెంట్రుకలో సుమారు నెల రోజుల చరిత్ర ఉంటుంది.

2017లో షికాగోలో ప్రపంచ నిపుణులు కూర్చుని చిగుళ్ల, ఇంప్లాంట్ జబ్బులకు కొత్త వర్గీకరణ తయారుచేశారు. పెరి-ఇంప్లాంటైటిస్‌కు గట్టి రుజువున్న కారణాలుగా వాళ్లు ఎంచినవి మూడే: గతంలో చిగుళ్ల జబ్బు ఉండటం, పాచి శుభ్రం చేసుకోకపోవడం, క్రమమైన చెకప్‌లు లేకపోవడం. పొగతాగడం, మధుమేహం విషయంలో కూడా ఆధారాలు ఇంకా తేలలేదన్నారు. మానసిక ఒత్తిడికి ఆ మొదటి వరుసలో చోటు దక్కలేదు. అదే సమావేశం, చిగురు చచ్చి ఊడిపోయే నెక్రోటైజింగ్ జబ్బుల్లో మాత్రం తీవ్రమైన ఒత్తిడిని కారణాల్లో ఒకటిగా ఒప్పుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో సైనికులను పట్టి పీడించిన జబ్బు అదే.

అన్నిటికన్నా ఆలోచింపజేసేవి మందుల మీద వచ్చిన ఫలితాలు. కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ పరిశోధకులు 2014లో 490 మంది రోగుల రికార్డులు తిరగేశారు. డిప్రెషన్‌కు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ జాతి మందులు వాడేవారిలో 10.6 శాతం ఇంప్లాంట్లు విఫలమయ్యాయి, వాడనివారిలో 4.6 శాతం. రెండేళ్ల తర్వాత అదే బృందం రక్తపోటు మందుల మీద చూస్తే లెక్క తిరగబడింది. వాడేవారిలో వైఫల్యం 0.6 శాతం, వాడనివారిలో 4.1 శాతం. రక్తపోటు మందుల్లో ఒక రకమైన బీటా బ్లాకర్లు అడ్రినలిన్ సంకేతాన్ని అడ్డుకుంటాయి, ఆ సంకేతం ఎముక కరగడాన్ని పెంచుతుందని జంతు పరిశోధనలు చెబుతున్నాయి. కథ చక్కగా కుదిరినట్టే ఉంది. కానీ ఇవి పాత రికార్డుల లెక్కలు, పైగా ఇంప్లాంట్ ఊడిపోవడం గురించినవి, వాపు గురించి కాదు. డిప్రెషన్ మందు ఎముక మీద పనిచేసిందో, డిప్రెషన్‌తో వచ్చే నిర్లక్ష్యం పనిచేసిందో వీటితో విడదీయలేం. ఈ అంకెలు చదివి ఎవరైనా డిప్రెషన్ మాత్రలు మానేస్తే జరిగే నష్టం ఒక పన్నుతో పోయేది కాదు.

అన్నీ కలిపి చూస్తే ఒత్తిడి నేరుగా నేరం చేసినట్టు రుజువు కాలేదు, చేతులు కలిపిందని మాత్రం నమ్మడానికి కారణాలున్నాయి. కాబట్టి ‘మీ ఇంప్లాంట్ టెన్షన్ వల్ల పోయింది’ అని రోగి మీద నెట్టేసే డాక్టర్ మాటకు ఆధారం లేదు. ఇంప్లాంట్ తప్పు కోణంలో బిగించినా, క్యాప్ కింద సిమెంట్ మిగిలిపోయినా వాపు వస్తుంది, వాటికి రోగి మనసుతో పనిలేదు. లాలాజలంలో కార్టిసోల్ పరీక్ష చేయిస్తామని ఎవరైనా ప్యాకేజీ అమ్మితే దానికీ ఇంకా వేళ రాలేదు.

చేయగలిగింది మాత్రం చౌకైనది. కేస్ షీటులో షుగర్, బీపీ, సిగరెట్ అడిగే చోట నిద్ర గురించి, ఇటీవలి కష్టాల గురించి, వాడుతున్న మానసిక వైద్యం మందుల గురించి మూడు ప్రశ్నలు చేర్చడం. షెల్డన్ కోహెన్ 1983లో తయారుచేసిన ఒత్తిడి ప్రశ్నావళిని ఐదు నిమిషాల్లో నింపవచ్చు. కష్టకాలంలో ఉన్నారని తెలిస్తే ఆరు నెలల చెకప్‌ను మూడు నెలలకు తేవచ్చు, పళ్లు నూరే అలవాటుంటే నైట్ గార్డ్ ఇవ్వవచ్చు.

మన దగ్గర దీనికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. అమెరికా నుంచి వచ్చే తెలుగువారిలో చాలామంది, అక్కడి ఖర్చుకు భయపడి, సెలవు మీద హైదరాబాద్‌కో విజయవాడకో వచ్చినప్పుడే ఇంప్లాంట్ పెట్టించుకుంటారు. ఎముక అతుక్కోవడానికి మూడు నుంచి ఆరు నెలలు కావాలి. క్యాప్ కోసం మళ్లీ ప్రయాణం. ఆ తర్వాత చెకప్‌లు ఎక్కడ, ఎవరి దగ్గర అన్నది చాలాసార్లు తేలకుండానే విమానం ఎక్కేస్తారు. వీసా గడువులు, లేఆఫ్ భయాలు మోస్తున్న మనిషి నోట్లో బ్రెజిల్ అధ్యయనం చెప్పిన 43.9 శాతం గుంపులోకి జారిపోయే ఇంప్లాంట్ అదే. పెట్టిన డాక్టర్ ఎక్స్‌రేలు, ఇంప్లాంట్ కంపెనీ పేరు, సైజు రాసిన కాగితం చేతికిచ్చి పంపితే అక్కడి డాక్టర్‌కు మొదలుపెట్టడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఇక ముహూర్తాల సంగతి. ఇంట్లో పెళ్లికి ముందో, ఇల్లు మారే హడావిడిలోనో, ఆపరేషన్ అయిన తండ్రిని చూసుకుంటూ మధ్యలో దొరికిన రెండు రోజుల్లోనో ఇంప్లాంట్ పెట్టించుకోవడం మన దగ్గర మామూలే. ఇది అపెండిక్స్ ఆపరేషన్ కాదు, ఆగవచ్చు. తొలి వారాల్లో గాయం మానడం మీద ఒత్తిడి ప్రభావం గురించి ఉన్న ఆధారమే ఈ మొత్తం సాహిత్యంలో అన్నిటికన్నా గట్టిది కాబట్టి, హడావిడి తగ్గాక తారీఖు పెట్టుకోమని డాక్టర్ చెబితే అది వ్యాపారం పోగొట్టుకునే సలహా అయినా సరైన సలహా. పెళ్లి ఫోటోలకు తీసి పెట్టుకునే తాత్కాలిక పన్ను సరిపోతుంది.